ఘాతాల మేడకు చివరి అంకెలు

3 నెత్తిన 3 పెడితే 27. ఆ 27ను ఇంకో 3 నెత్తిన పెడితే, అంటే ఇరవై ఏడు మూళ్లను వరసగా గుణిస్తే, 76,25,59,74,84,987 వస్తుంది. ఇలా ఘాతం మీద ఘాతం నిలువునా పేర్చిన లెక్కను ఈ అధ్యాయంలో మేడ అందాం. ఇప్పుడు కట్టింది మూడంతస్తుల మేడ. దీని విలువను ఎప్పుడూ పైనుంచి కిందికి దిగుతూ కట్టాలి. కిందినుంచి మొదలుపెట్టారా, 27ను ఘనం చేసి 19,683 దగ్గరే ఆగిపోతారు. అది వేరే సంఖ్య.

నాలుగో అంతస్తు వేద్దాం. పైన వచ్చిన ఏడున్నర లక్షల కోట్ల పైచిలుకు సంఖ్య ఇప్పుడు 3కు ఘాతాంకం అవుతుంది. జవాబులో ఎన్ని అంకెలుంటాయో లాగరిథమ్ చెబుతుంది: 36,38,33,46,40,025. జవాబు అంత కాదు సుమా, జవాబులోని అంకెలు అన్ని. పేజీకి మూడు వేల అంకెల చొప్పున మూడు వందల పేజీల పుస్తకాలు వేయిస్తే నలభై లక్షల పుస్తకాలు దాటతాయి. ఇక ఐదో అంతస్తు సంగతి ఏం చెప్పను? అందులో ఎన్ని అంకెలున్నాయో చెప్పే సంఖ్యను రాయడానికే ఆ నలభై లక్షల పుస్తకాలూ సరిపోతాయి.

అయినా ఆ ఐదంతస్తుల సంఖ్యకు చివరి నాలుగు అంకెలు 5387. ఆరంతస్తులకూ అవే. వెయ్యి అంతస్తులు లేపినా అవే. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, ఒక కాగితం, పెన్సిలు చాలు. సంఖ్యను ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. మరి దాని తోక మన చేతికి ఎలా చిక్కింది?

చివరి నాలుగు అంకెలంటే 10,000తో భాగిస్తే మిగిలే శేషం. అడిగింది శేషం మాత్రమే అయినప్పుడు సంఖ్యతో మనకు పని లేదు. ఈ మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. 1987 ఉగాదికి ప్రభవ వచ్చింది. అక్కణ్ణుంచి అరవై పేర్లు వరసగా నడిచి మళ్లీ ప్రభవ దగ్గరికే చేరతాయి. 2025 ఉగాదికి వచ్చిన విశ్వావసు ముప్ఫై తొమ్మిదోది. 1965 విశ్వావసులో పుట్టినవాళ్లకు మళ్లీ విశ్వావసులోనే షష్టిపూర్తి. ఎన్నేళ్లు గడిచాయన్నది పక్కన పెట్టి, అరవైతో భాగిస్తే ఎంత మిగిలిందన్నదే పంచాంగం చూస్తుంది.

ఈ పంచాంగాన్నే ఒక మొండి ప్రశ్న అడుగుదాం. ప్రభవ నుంచి మొదలుపెట్టి, ఏడు నెత్తిన ఏడు, దాని నెత్తిన ఇంకో ఏడు, అన్ని సంవత్సరాలు గడిస్తే అప్పటి ఉగాదికి ఏ పేరు వస్తుంది? 7⁷ అంటే 8,23,543. ఆ ఘాతానికి 7ను ఎత్తితే 6,95,975 అంకెల సంఖ్య. అప్పటికి సూర్యుడే ఉండడు, ఉగాది పచ్చడి మాట దేవుడెరుగు. పేరు మాత్రం చెప్పొచ్చు.

ముందు ఒక చిన్న సూత్రం. 67ను 127తో గుణిస్తే 8,509. అరవైతో భాగిస్తే శేషం 49. ఇప్పుడు గుణించక ముందే శేషాలు తీసేయండి: 67లో మిగిలేది 7, 127లో మిగిలేదీ 7. ఏడేళ్లు నలభై తొమ్మిది. జవాబు అదే. ఎందుకంటే 67 అంటే 60కి 7 కలిపింది, 127 అంటే 120కి 7 కలిపింది. గుణిస్తే వచ్చే నాలుగు ముక్కల్లో మూడింట్లో అరవై ఉంటుంది, శేషంలో వాటికి చోటు లేదు. మిగిలేది ఏడేళ్ల ముక్క ఒక్కటే. అందుకే గుణకారం ఎంత పొడుగున్నా అడుగడుగునా శేషానికి కుదించుకుంటూ పోవచ్చు. సంఖ్య ఎప్పుడూ అరవై దాటదు. 1801లో ఇరవై నాలుగేళ్ల గౌస్ తన అంకగణిత గ్రంథం మొదట్లోనే ఈ శేషాల లెక్కకు ఒక పద్ధతి కట్టి, సమానానికి రెండు గీతలుంటే దీనికి మూడు గీతల గుర్తు వాడాడు. రెండు శతాబ్దాల తరవాత కూడా ఆ గుర్తులో మార్పు లేదు.

ఇక 7 ఘాతాలను అరవై శేషంతో రాద్దాం. మొదట 7. తరవాత 49. ఆపైన 343, అందులో 300 తీసేస్తే 43. దాన్ని ఏడుతో గుణిస్తే 301, మిగిలేది 1. ఒకటి వచ్చిందంటే కథ మొదటికొచ్చింది: మళ్లీ 7, 49, 43, 1. నాలుగడుగుల చక్రం. కాబట్టి మన ఘాతాంకం 8,23,543 అయితేనేం, దాని బాబు అయితేనేం, నాలుగుతో భాగిస్తే ఎంత మిగులుతుందన్నదే ప్రశ్న. చివరి రెండంకెలు 43ను నాలుగుతో భాగిస్తే 3. అంటే చక్రంలో మూడో స్థానం, 43. ప్రభవ తరవాత నలభై మూడు పేర్లు లెక్కపెడితే నలభై నాలుగోది సాధారణ. మొన్నటి సాధారణ 1970లో వచ్చింది.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. కింద ఉన్న 7ను అరవైతో కుదించాం కదా, పైన ఉన్న ఘాతాంకాన్నీ అరవైతోనే కుదిస్తే పోలేదా అనిపిస్తుంది. పోదు. చిన్న లెక్కలో చూద్దాం: 2¹⁰ను 7తో భాగించాలి. పైనున్న 10ని కూడా ఏడుతో కుదిస్తే 3 మిగులుతుంది, 2³ అంటే 8, శేషం 1. కానీ 2¹⁰ అంటే 1,024. ఏడు నూట నలభై ఆర్లు 1,022, శేషం 2. తప్పింది. 2 ఘాతాలు ఏడు శేషంలో 2, 4, 1 అంటూ మూడడుగుల్లో తిరుగుతాయి. కాబట్టి పైనున్న 10ని మూడుతో కుదించాలి, ఏడుతో కాదు. 1 మిగులుతుంది, జవాబు 2. సరిపోయింది.

అంటే కింది అంతస్తుకు ఒక భాజకం, పై అంతస్తుకు ఇంకొకటి. ఈ అధ్యాయంలో ఇదొక్కటి పట్టుబడితే మిగతాదంతా దీని వెనకే వస్తుంది. చివర్లో మనం చూడబోయే రహస్య సందేశాల వ్యవహారం కూడా ఈ రెండో భాజకాన్ని దాచిపెట్టడమే.

ఆ రెండో భాజకం ఎంతో ముందే తెలిసే మార్గముందా? టూలూజ్ న్యాయస్థానంలో ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో లెక్కలు కట్టిన ఫెర్మా 1640 అక్టోబరు 18న ఫ్రెనికల్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఉందన్నాడు. భాజకం ప్రధాన సంఖ్య అయితే దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి వెళ్లేసరికి శేషం తప్పక 1 అవుతుంది. (కింది సంఖ్యను ఆ ప్రధాన సంఖ్య నిశ్శేషంగా భాగించకూడదు, అంతే.) నిరూపణ పంపేవాణ్నే గానీ మరీ పొడుగవుతుందని భయం అన్నాడు. ఇది ఆయనకు అలవాటే. నిజానికి అదేమంత పొడుగు కాదు.

భాజకం 7, కింది సంఖ్య 3 అనుకుందాం. 1 నుంచి 6 దాకా రాసి, ఒక్కోదాన్ని 3తో గుణించి, ఏడు శేషాలు తీయండి: 3, 6, 2, 5, 1, 4. వరస మారింది గానీ సరుకు మారలేదు. రెండు వేర్వేరు అంకెలు ఒకే చోటికి వచ్చి పడే వీలు లేదు మరి. అలా పడితే వాటి తేడాను మూడింతలు చేసినదాన్ని ఏడు నిశ్శేషంగా భాగించాలి, అంత చిన్న తేడాతో అది జరిగే పని కాదు. సరుకు ఒకటే కాబట్టి రెండు వరసల లబ్ధాలూ శేషంలో ఒకటే. మొదటి వరస లబ్ధం 720. రెండో వరసలో ప్రతి అంకెతోనూ ఒక మూడు వచ్చి చేరింది గనుక 720కి 3⁶ రెట్లు. రెండు పక్కలా 720 కొట్టేస్తే మిగిలేది: 3⁶ శేషం 1. కావాలంటే సరిచూసుకోండి, 3⁶ అంటే 729, ఏడు నూట నాలుగులు 728.

ఆయిలర్ 1736లో దీన్ని రుజువు చేసి ఊరుకోలేదు. భాజకం ప్రధాన సంఖ్య కాకపోతే ఏమవుతుందో 1763లో అచ్చయిన వ్యాసంలో తేల్చాడు. పై నిరూపణే, కాకపోతే అన్ని అంకెలనూ కాకుండా భాజకంతో ఉమ్మడి కారణాంకం లేనివాటినే వరసలో నిలబెట్టాలి. 100 విషయంలో అలాంటివి నలభై: బేసి సంఖ్యలై, 5తో అంతం కానివి. కాబట్టి వాటిలో దేన్ని తీసుకున్నా నలభయ్యో ఘాతానికి చివర 01 వస్తుందని ఆయిలర్ హామీ. అయితే ఆయిలర్ ఉదారంగా ఎక్కువే చెప్పాడు. 100ను 4గా, 25గా విడదీస్తే నాలుగు శేషాలు రెండడుగుల్లో, ఇరవై ఐదు శేషాలు ఇరవై అడుగుల్లో మొదటికొస్తాయి. రెంటికీ క.సా.గు. 20. నలభై దాకా ఆగక్కర్లేదు. ఈ బిగుతైన లెక్కకు అమెరికన్ గణితజ్ఞుడు కార్మైకేల్ పేరు నిలిచింది. 10,000కు ఇదే పద్ధతిలో 16, 625గా విడదీస్తే నాలుగు, అయిదు వందలు వస్తాయి, క.సా.గు. 500.

ఇప్పుడు మూళ్ల మేడ దగ్గరికి వెళ్లొచ్చు.

చివరి నాలుగు అంకెలకు 10,000 శేషం కావాలి. అందుకు పై అంతస్తుల మొత్తాన్ని 500తో కుదించాలి. ఆ మొత్తం కూడా మూళ్ల మేడే కాబట్టి దాని 500 శేషానికి, ఇంకా పైనున్నదాన్ని 100తో కుదించాలి. 100కు పైన 20. ఇరవైకి పైన 4. నాలుగుకు పైన 2. రెండుకు పైన 1, అంటే ఇక అడగాల్సింది ఏమీ లేదు. పదివేలతో మొదలైన ప్రశ్న ఆరు అంచెల్లో ఆవిరైపోయింది. దానిపైన ఇంకెన్ని అంతస్తులున్నాయన్నది ఎవరికి కావాలి?

ఇక తిరుగు ప్రయాణం. మూళ్లన్నీ బేసే కాబట్టి మేడ ఎత్తు ఎంతైనా రెండు శేషం 1. బేసి ఘాతానికి 3ను ఎత్తితే నాలుగు శేషం 3. కనుక ఇరవై శేషం 3³, అంటే 27 లోంచి 20 పోగా 7. వంద శేషం 3⁷, అంటే 2,187, చివర 87. అయిదు వందల శేషానికి 3⁸⁷ కావాలి, అది 387. ఆఖరున పదివేల శేషం: 3³⁸⁷, చివర 5387.

ఒక్కో అంతస్తు లేచేకొద్దీ కుడివైపు నుంచి ఒక్కో అంకె బిగుసుకోవడం ఇందులో ముచ్చటైన విషయం. రెండంతస్తుల 27 చివర 7 ఖాయమైంది. మూడంతస్తులకు ...4987, అందులో 87 ఖాయం, మిగతాది మారుతుంది. నాలుగంతస్తులకు ...9387, అందులో 387 ఖాయం. ఐదంతస్తులకు ...5387, నాలుగూ ఖాయం.

3³⁸⁷ చివర 5387 అని ఊరికే అనేశాను. 387 మూళ్లను గుణించుకుంటూ కూర్చున్నామా? లేదు. 3ను వర్గం చేస్తే 9, దాన్ని వర్గం చేస్తే 81, మళ్లీ 6561. ఇప్పటికి ఎనిమిదో ఘాతం. ఇక్కణ్ణుంచి ప్రతిసారీ వర్గం చేసి చివరి నాలుగంకెలే ఉంచుకుంటే పదహారో ఘాతానికి 6721, ముప్ఫై రెండుకు 1841, అరవై నాలుగుకు 9281, నూట ఇరవై ఎనిమిదికి 6961, రెండు వందల యాభై ఆరుకు 5521. 387 అంటే 256, 128, 2, 1 కలిపినది. కాబట్టి 5521ని 6961తో గుణించి చివర 1681 ఉంచుకోవాలి. దాన్ని 9తో గుణిస్తే 15,129, ఉంచుకునేది 5129. దాన్ని 3తో గుణిస్తే 15,387. ఉంచుకునేది 5387. ఎనిమిది వర్గాలు, మూడు గుణకారాలు. 386 గుణకారాల చోట పదకొండు.

ఈ కిటుకు కంప్యూటర్ల కాలంలో పుట్టింది కాదు. క్రీస్తుకు పూర్వపు పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. ఒక పాదంలో ఆరు అక్షరాలుంటే, ఒక్కో అక్షరం లఘువో గురువో కావొచ్చు కాబట్టి 2⁶ రకాల పాదాలు. ఆ సంఖ్య రాబట్టడానికి ఆయన చెప్పిన దారి ఇది: సరి సంఖ్య అయితే సగం చేసి 2 గుర్తు పెట్టు, బేసి అయితే ఒకటి తీసేసి సున్న గుర్తు పెట్టు. ఆరు సరి, సగం 3. మూడు బేసి, ఒకటి తీస్తే 2. సగం 1. ఒకటి తీస్తే ఏమీ లేదు. ఇప్పుడు 1తో మొదలుపెట్టి గుర్తులను వెనక్కి చదవాలి. సున్న కనిపిస్తే రెట్టింపు, రెండు కనిపిస్తే వర్గం: 2, 4, 8, 64. గాయత్రి ఛందంలో అరవై నాలుగు వృత్తాలని చదువుకున్నవాళ్లకు ఆ అంకె ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు. ఇరవై అక్షరాల పాదాలు 2²⁰, అంటే 10,48,576 రకాలు. అన్ని లక్షల్లోంచి మన కవులు ఉత్పలమాలను ఎంచుకుని శతాబ్దాల పాటు మోశారంటే చెవికున్న పట్టింపు అలాంటిది.

వర్గాల దారికి ఇంకో చిన్న వినోదం. 2³²కు ఒకటి కలిపితే వచ్చే 4,29,49,67,297 ప్రధాన సంఖ్యే అని ఫెర్మా గట్టిగా నమ్మాడు. 1732లో ఆయిలర్ దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు. మనం నాలుగైదు వాక్యాల్లో సరిచూసుకోవచ్చు. 2⁸ అంటే 256. దాని వర్గం 65,536లోంచి 641 నూట రెండుసార్లు తీసేస్తే 154. దాన్ని వర్గం చేస్తే 23,716. 641 ముప్ఫై ఏడుసార్లు 23,717. ఒక్కటి తక్కువైంది, కాబట్టి 2³²కు ఒకటి కలిపామంటే 641కి సరిగ్గా సరిపోతుంది.

ఇంతవరకూ ఒక షరతు పాటిస్తూ వచ్చాం: కింది సంఖ్యకూ భాజకానికీ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. రెళ్ల మేడకు, 100 భాజకానికి ఆ షరతు తప్పుతుంది. సరి సంఖ్య చివర 01 ఎప్పటికీ రాదు కదా. అయినా చక్రం మాత్రం ఉంది: 02, 04, 08, 16, 32 అంటూ నడిచి, 76 మీదుగా 52 దాటాక మళ్లీ 04కు వస్తుంది. మొదటి 02 మటుకు ఇంకెన్నడూ తిరిగి రాదు. చక్రంలోకి అడుగుపెట్టే ముందు గుమ్మంలో ఒక్కసారి కనిపించి పోతుంది. ఇక్కడ ఒకటి పాత్ర పోషించేది 76. దాన్ని వర్గం చేస్తే 5,776, చివర మళ్లీ 76. పైన ఉత్పలమాల లెక్కలో 2²⁰ చివర వచ్చిన 76 ఇదే. చక్రం పొడవు 20 కాబట్టి 2, 4, 16, 65,536 తరవాతి అంతస్తులో ఉండే 19,729 అంకెల సంఖ్య చివర 36 అని ఇట్టే చెప్పొచ్చు: 65,536ను ఇరవైతో కుదిస్తే 16, 2¹⁶ చివర 36.

మూళ్ల మేడల్లో అన్నిటికంటే పేరు మోసింది గ్రాహమ్ సంఖ్య. బహు పరిమాణాల ఘనాల అంచులకు, కర్ణాలకు రెండు రంగులు వేసే ఒక సమస్య మీద రొనాల్డ్ గ్రాహమ్, బ్రూస్ రోత్స్‌చైల్డ్ 1971లో చేసిన పని దానికి మూలం. ఆ సమస్యకు జవాబు ఇంతకు మించదు అని చెప్పే హద్దు అది. జవాబు 13 కంటే తక్కువ కాదని తరవాత తేలింది. ఒకవైపు పదమూడు, ఇంకోవైపు ఎన్ని అంతస్తులో రాయడానికే వీలుపడని మూళ్ల మేడ! మార్టిన్ గార్డ్‌నర్ 1977 నవంబరులో సైంటిఫిక్ అమెరికన్‌లో తన శీర్షికలో దీన్ని పరిచయం చేశాడు, 1980లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. మేడ కాబట్టి మన అంచెల లెక్క దీనికీ పని చేస్తుంది. చివరి పది అంకెలు 2464195387. మన 5387 చివర ఉంది చూడండి. ఓపికుంటే ఇంకో వంద అంకెలు రాబట్టొచ్చు. ఎడమవైపు మొదటి అంకె మాత్రం ఎవరికీ తెలియదు.

అదే 1977లో, అదే శీర్షికలో, మూడు నెలల ముందు ఆగస్టు సంచికలో గార్డ్‌నర్ ఇంకో సంగతి రాశాడు. ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ అనే ముగ్గురు కనిపెట్టిన గూఢలిపి అది. (బ్రిటన్ నిఘా సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే ఇదే పద్ధతి కనిపెట్టాడు గానీ బయటికి చెప్పే వీలు లేకపోయింది.) చిన్న అంకెలతో చూద్దాం. భాజకం 33. పంపాల్సిన సందేశం 4. పంపేవాడు దాన్ని ఘనం చేస్తాడు: 64, శేషం 31. ఈ 31 దారిలో ఎవరి కంట పడినా ఫరవాలేదు. అందుకున్నవాడు దాన్ని ఏడో ఘాతానికి ఎత్తుతాడు. 33 శేషంలో 31 అంటే రెండు తక్కువ, అంటే −2. దాని ఏడో ఘాతం −128. 132 కలిపితే 4. సందేశం తిరిగొచ్చింది.

3కు జోడీ 7 అని ఎలా తెలిసింది? 33 అంటే మూడు పదకొండ్లు. మూడుకు పై భాజకం 2, పదకొండుకు 10, రెంటికీ క.సా.గు. 10. మూడేళ్లు ఇరవై ఒకటి, పదితో కుదిస్తే 1. అంటే మూడో ఘాతం, దాని మీద ఏడో ఘాతం కలిసి మొదటి ఘాతంతో సమానం. కింది భాజకం 33ను ఊరంతా చాటొచ్చు. పై భాజకం 10 తెలియాలంటే మాత్రం 33ను కారణాంకాలుగా విడగొట్టాలి. 33ను ఎవరైనా విడగొడతారు. నేడు వాడే ఆరు వందల పైచిలుకు అంకెల భాజకాలను విడగొట్టే దారి ఇప్పటి కంప్యూటర్లకు దొరకలేదు. గార్డ్‌నర్ అప్పట్లో ఇచ్చిన 129 అంకెల సవాలు పదిహేడేళ్లు నిలిచి, 1994లో వందలాది మంది తమ కంప్యూటర్లు కలిపితే విడింది.

కింది భాజకం అందరికీ, పై భాజకం ఒక్కరికే. ఈ తేడాను రివెస్ట్ 1999లో ఇంకా కొంటెగా వాడుకున్నాడు. ఎంఐటీలో కంప్యూటర్ సైన్స్ ప్రయోగశాలకు ముప్ఫై ఐదేళ్లు నిండిన సందర్భం. 2ను వర్గం చేయండి, వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేయండి, అలా 7,96,85,18,68,56,218 సార్లు చేసి, ఇచ్చిన 616 అంకెల భాజకంతో శేషం చెప్పండి అన్నాడు. ఆ శేషమే ఒక సందేశానికి తాళంచెవి. రెండు మీద రెండు ఘాతం, దాని మీద ఆ ఎనభై లక్షల కోట్లు: ఇదీ మేడే. భాజకాన్ని తయారుచేసింది రివెస్టే కాబట్టి దాని కారణాంకాలు ఆయనకు తెలుసు. పై అంతస్తును ముందే కుదించేసి రెండు వేల చిల్లర వర్గాల్లో జవాబు రాబట్టుకున్నాడు. మిగతావాళ్లకు ఆ దారి లేదు. వర్గం తరవాత వర్గం చేసుకుంటూ పోవాల్సిందే. ఒక వర్గం తేలితే గానీ తరవాతిది మొదలుపెట్టలేం. అందుకే వెయ్యి కంప్యూటర్లు తెచ్చి పని పంచుకున్నా ఉపయోగం లేదు. కంప్యూటర్ల వేగం ఏటేటా పెరగడాన్ని కూడా లెక్కలో వేసుకుని, దీనికి ముప్ఫై ఐదేళ్లు పట్టాలని అంచనా కట్టాడు.

ఇంత పొడుగు లెక్కలో ఎక్కడో ఒకచోట యంత్రం ఒక్క అంకె తప్పినా ఆ తరవాతదంతా బూడిదలో పోసిన పన్నీరే. దానికి షమీర్ సూచించిన విరుగుడును రివెస్ట్ సవాలుతో పాటే ఇచ్చాడు. ఇచ్చిన భాజకంతో కాకుండా, దాన్ని ఒక చిన్న ప్రధాన సంఖ్యతో గుణించి, ఆ పెద్ద భాజకంతో లెక్క నడపాలి. మధ్యలో ఎప్పుడు అనుమానం వచ్చినా చేతిలో ఉన్నదాన్ని ఆ చిన్న ప్రధాన సంఖ్యతో భాగించి చూడాలి. ఆ చిన్నదానికి పై భాజకం బహిరంగమే, ఫెర్మా చెప్పినట్టు దానికంటే ఒకటి తక్కువ. కాబట్టి ఆ శేషం ఎంత ఉండాలో విడిగా క్షణంలో కట్టుకోవచ్చు. రెండూ కలిస్తే లెక్క దారిలో ఉన్నట్టు. కలవకపోతే వెనక్కి పోయి, సరిగా ఉన్న చోటినుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

2019 ఏప్రిల్‌లో బెర్నార్ ఫాబ్రో అనే బెల్జియం ప్రోగ్రామర్ జవాబు పంపాడు. ప్రోగ్రామింగ్ ఆయన సొంతంగా నేర్చుకున్నదే. మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్ మీద సుమారు మూడున్నరేళ్లు వర్గాలు చేస్తూ వచ్చాడు. రివెస్ట్ గడువుకు ఇంకా పదిహేనేళ్లు మిగిలే ఉన్నాయి. తాళం తీస్తే లోపల ఉన్నది ప్రయోగశాలకు జన్మదిన శుభాకాంక్షలు, పక్కనే ఆ 616 అంకెల భాజకం కారణాంకాలను తయారుచేసుకోవడానికి కావలసిన సంఖ్య. ప్రయోగశాల మాత్రం అప్పటికి ఆ పేరుతో లేదు. 2003లోనే కృత్రిమ మేధ ప్రయోగశాలతో కలిసిపోయి పేరు మార్చుకుంది.